ధర్మం పద్దు కొట్టేసిన ఏడాది

మైదుకూరులో పన్ను లెక్కలు చూసే ఆడమనిషిని ముప్ఫై ఏళ్లకు పైగా నేనొక్కదాన్నే. అందుకని నా అసలు పేరు ఊళ్లో ఎవరికీ అవసరం పడలేదు. బస్టాండులో దిగి “ట్యాక్సమ్మ ఆఫీసు యాడ?” అంటే చాలు, ఆటోవాళ్లు మా మెట్ల దగ్గర దించిపోయేవాళ్లు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండేది. మా ఆయన కూడా ఇంట్లో అలాగే పిలవడం మొదలుపెట్టాక ఇక లాభం లేదని ఊరుకున్నాను. ఈ మధ్యే బోర్డు దించేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తుంటారు. చట్టం మారినప్పుడల్లా ఏం చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడుగుతారు. తెలిసింది చెప్తాను, కాఫీ ఇస్తాను, పంపిస్తాను. వాళ్లు మెట్లు దిగాక, అసలు చెప్పవలసింది చెప్పలేదే అనిపిస్తుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను అమ్మకపు పన్ను చూశాను, వ్యాట్ చూశాను, జీఎస్టీ చూశాను. చేసిన తప్పులకు లెక్కలేదు. చాలావాటికి జరిమానా కట్టి దులిపేసుకున్నాం. ఒక్క తప్పుకు మాత్రం జరిమానా పడలేదు, నోటీసు రాలేదు. చట్టప్రకారం చూస్తే అది తప్పే కాదు. కానీ దానివల్ల ఆసుపత్రి దగ్గర మనుషులు పస్తు పడుకున్నారు. ఇన్నేళ్ల పనిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదొక్కటే.

కోళ్లు పొదిగిన మిషను

మాది రాయచోటి. పెళ్లయి మైదుకూరు వచ్చాక, టైపు వచ్చు కదా అని పన్నుల కేసులు చూసే ఒక పెద్దాయన దగ్గర చేరాను. మేమంతా ఆయన్ను సారు అనేవాళ్లం. నాకు పని నేర్పింది ఆయనే. జీతం పెంచమంటే మాత్రం ఆయనకు చెవుడు వచ్చేది. నశ్యం పీల్చి ఆ వేళ్లతోనే ఫైళ్లు తిప్పేవారు, మా కాగితాలు చూసిన ప్రతి గుమాస్తా తుమ్మేవాడు. కోపం వస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఐదు నిమిషాలు గడిచాక “టీ తాగినావామ్మా?” అని తనే అడిగేవారు. ఆ ఐదు నిమిషాలు ఓర్చుకోలేక మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు నష్టమే జరిగిందని నా నమ్మకం.

ఒకసారి బండలకు పన్ను రేట్లు మార్చారు. పాలిష్ పట్టిన బండకు ఎక్కువ, పట్టని బండకు తక్కువ. ఎర్రగుంట్ల వైపు మస్తాన్ అనే ఆయనకు నాపరాళ్ల యూనిట్ ఉండేది. ఆయన బోర్డు మీద ‘పాలిషింగ్ యూనిట్’ అని ఉంది, మా ఫైలు మీదా అదే ఉంది. నేను ఎక్కువ రేటు వేసి రిటర్ను తయారుచేసి సారు ముందు పెట్టాను. ఆయన అంకెలు చూడనే లేదు.

“పోయి చూసినావా?” అన్నారు.

“బోర్డు ఉండాది కద సార్.”

“బోర్డును టైపు చేసుకోనొచ్చినావు. పని చూడలేదు. పొద్దున బస్సుకు పో.”

పోయి చూద్దును కదా, పాలిష్ మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది, దాని కింద రెండు కోళ్లు పొదుగుతున్నాయి. మిషను చెడిపోయి రెండేళ్లయిందట. మస్తాన్ ఊరికే బండలు కోసి, అంచులు చెక్కి అమ్ముకుంటున్నాడు.

“పాలిష్ అని బోర్డు పెట్టుకున్నావు కదప్పా” అని కసురుకున్నాను.

“బోర్డు మా నాయన పెట్టినాడమ్మా” అని నవ్వాడు మస్తాన్. “నాయన పోయినాడు, మిషను పోయింది. బోర్డు బాగుండాది కదాని దించలేదు.”

ఆ రిటర్ను అలాగే పోయి ఉంటే మస్తాన్ ఆ ఏడాదే యూనిట్ మూసుకునేవాడు. చట్టం మారిందని పేపరు చూస్తే తెలుస్తుంది, అది ఎవరి మీద పడుతుందో తెలియాలంటే బస్సెక్కాలి. ఆ సంగతి నాకు ఆ రోజే బాగా తలకెక్కిందనుకున్నాను. తర్వాత కనీసం వందమందికి ఈ కోళ్ల కథ చెప్పి ఉంటాను, అందరూ నవ్వారు కూడా.

బస్తా ఇచ్చే ధర్మం

మా పసుపు వ్యాపారుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. పసుపు బస్తా అమ్మినప్పుడు, కొన్న వ్యాపారికి రాసే బిల్లులో ముందు సరుకు ధర ఉంటుంది, దాని కింద హమాలీ, గోనెసంచి ఖర్చు, అన్నిటికన్నా కింద ‘ధర్మం’ అని ఒక పద్దు. బస్తాకు రెండు రూపాయలు. కొనేది ఏ రాష్ట్రం వ్యాపారి అయినా ఆ పద్దు గురించి అడిగేవాడు కాదు. బిల్లు మొత్తంతో పాటు అదీ ఇచ్చేసేవాడు.

ఆ డబ్బు కొన్నవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు. నెలాఖరుకు ప్రతి అంగడి యజమానీ తన దగ్గర చేరిన ధర్మం తీసుకుపోయి వర్తకుల ట్రస్టుకు అప్పజెప్తాడు. ఆ ట్రస్టుకు ప్రభుత్వాసుపత్రి ఎదురుగా ఒక సత్రం ఉంది. రోగుల వెంట పల్లెల నుంచి వచ్చిన మనుషులకు అక్కడ పొద్దున ఒక పూట, మాపటికి ఒక పూట అన్నం పెడతారు. పప్పు, మజ్జిగ, అడిగినవాళ్లకు సంగటి. ఏ ఊరు, ఎవరివాళ్లు అని అడిగే పని లేదు.

వండేది ఖాజాబీ. ఆమె భర్త పసుపు మార్కెట్లో హమాలీ. బస్తాల కింద నడుము పోయి ఆయన మంచాన పడ్డాక, వర్తకులే ఆమెను పిలిచి వంట అప్పజెప్పారు. ట్రస్టు ప్రెసిడెంటు రంగయ్య శెట్టి. సొంత జేబులోంచి నూరు రూపాయలు తీయాల్సి వస్తే నోటును రెండు వైపులా చూసుకుని గానీ ఇవ్వడు. అలాంటి మనిషి ధర్మం డబ్బుల డబ్బాలోంచి చిల్లర మార్చుకోవడానికి కూడా ఒప్పుకునేవాడు కాదు. “అది మనది కాదు” అనేవాడు, అంతే. ఈ ఊరి శెట్ల మీద నేను వేసినన్ని జోకులు ఎవరూ వేసి ఉండరు. వాళ్ల మీద నాకున్నంత ఇష్టం కూడా ఎవరికీ ఉండదు.

నేను ఇచ్చిన సలహా

జీఎస్టీ వచ్చిన ఏడాది మా మెట్లు మనుషుల తొక్కిడికి అరిగిపోయాయి. చీరలకు ఫాల్స్ కుట్టే ఒకామె వచ్చి “నేను గూడా కట్టాల్నా మేడం?” అని ఏడుపు ముఖంతో అడిగింది. అక్కర్లేదని మూడుసార్లు చెప్తే గానీ నమ్మలేదు. చట్టం మారినప్పుడు అందరికన్నా ముందు భయపడేది దాంతో సంబంధం లేనివాళ్లే. వాళ్లకు ఫీజు తీసుకోకుండా ధైర్యం చెప్పి పంపండి, అది కూడా ఈ పనిలో భాగమే.

వర్తకులు వాళ్ల హాల్లో మీటింగు పెట్టి నన్ను పిలిచారు. సారు అప్పటికి కాలం చేశారు. వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పి ముగించబోతుంటే రంగయ్య శెట్టి లేచాడు.

“బిల్లులో ధర్మం రాస్తాండాం కదమ్మా. దాన్నేం చేయమంటావు?”

నేను చట్టం చదువుకునే పోయాను. సరుకుతో పాటు బిల్లులో ఏది వసూలు చేసినా అది ధరలో భాగమే, దాని మీదా పన్ను పడుతుందని చెప్పాను.

“ధర్మానికి గూడా పన్నా?” అన్నాడాయన. “అది మన దుడ్డు కాదు గదమ్మా.”

“ఆ సంగతి చట్టానికి తెలీదన్నా.”

హాలంతా గుసగుసలు. ధర్మం మీద పన్ను కట్టడమంటే వాళ్లకు అవమానంగా ఉంది. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. తట్టినందుకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

“దీనికింత ఆలోచన ఎందుకు? బిల్లులోంచి ఆ పద్దు కొట్టేయండి. ప్రతి అంగట్లో ఒక హుండీ పెట్టండి. ఇష్టమున్నోళ్లు వేస్తారు. అది విరాళం కిందికొస్తుంది, పన్ను గొడవ ఉండదు.”

చప్పట్లు కొట్టారు. మైసూరుపాకు పెట్టారు, ఇంటికి ఇంకో పొట్లం కట్టిచ్చారు. వారం తిరక్కుండా బిల్లుల్లో ఆ పద్దు పోయింది, అంగళ్లలో కొత్త హుండీలు వచ్చాయి. ఇష్టమున్నోళ్లు వేస్తారు అన్న మాట ఎంత తేలిగ్గా అన్నానో చూడండి. మస్తాన్ యూనిట్ చూడటానికి బస్సెక్కిన మనిషిని, మా ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న సత్రానికి మాత్రం పోలేదు. ఆ పద్దు ఎవరి కడుపులోకి పోతోందో ఒక్కసారి చూసి రాలేదు.

కుంకుమ కింద నంబరు

ఇంకొన్నేళ్లకు ట్రస్టులకు పన్ను మినహాయింపు ఇచ్చే చట్టం మారింది. అంతకుముందు ఒకసారి రిజిస్ట్రేషను వస్తే శాశ్వతం. కొత్త పద్ధతిలో అందరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, వచ్చినది ఐదేళ్లే చెల్లుతుంది. ట్రస్టు ఏటేటి లెక్కలు వేరే ఆడిటరు చూసేవాడు, ఈ దరఖాస్తు మాత్రం నాకు అప్పజెప్పారు. నేను పాత సర్టిఫికెట్ కోసం సత్రానికి పోయాను. పటం కట్టించి పూజగదిలో దేవుళ్ల మధ్య పెట్టారు. ప్రతి దసరాకు ఆయుధపూజలో త్రాసుతో పాటు దానికీ పసుపు కుంకుమలు. ఏళ్ల తరబడి పూసిన కుంకుమ అద్దం మీద గట్టిగా అట్టకట్టి, సరిగ్గా నంబరు ఉన్నచోటే కప్పేసింది.

నేను తడిగుడ్డ అందుకున్నాను. రంగయ్య శెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు.

“శుక్రవారం పూట కుంకుమ తుడుస్తావా అమ్మా? రేపు రా.”

గడువు దగ్గరపడుతోందని మొత్తుకున్నా వినలేదు. మర్నాడు పోయేసరికి ఆయనే అద్దం శుభ్రంగా తుడిచి, నాలుగు మూలలా కొత్త బొట్లు పెట్టి ఉంచాడు.

“ఇప్పుడు నంబరూ కనపడతాది, కళ గూడా ఉండాది” అన్నాడు తృప్తిగా.

నవ్వుకుంటూ నంబరు రాసుకుని వచ్చేశాను. పూజగది పక్కనే వంటగది. తొంగి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఫారానికి కావలసింది నంబరే కదా అనుకున్నాను.

ఫొటోల కోసం పోయి

ఐదేళ్లు గడిచి ఆ రిజిస్ట్రేషను రెన్యువల్‌కు వచ్చింది. నేను చూసిన చివరి ఫైలు అదే. ఈసారి ఫారం ఒక్కటే చాలదు, ట్రస్టు ఏమేం పనులు చేస్తోందో చూపించాలన్నారు. సరే, మాపటి భోజనాల పంక్తి ఫొటో తీస్తే బాగుంటుందని సాయంత్రం ఫోను పట్టుకుని పోయాను.

పొయ్యి చల్లగా ఉంది. పంక్తి లేదు. రోడ్డుకు అవతల ఆసుపత్రి గోడ వారగా ఇరవై ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. కొందరు బన్ను నీళ్లలో ముంచుకుని తింటున్నారు. ఒకామె తెచ్చుకున్న బిస్కెట్ ప్యాకెట్లో సగం తిని, మిగతా సగం కొంగులో కట్టుకుంది. సత్రం అరుగు మీద ఖాజాబీ మర్నాటికి కందిపప్పు ఏరుతోంది.

“పొయ్యి వెలిగించలేదేం ఖాజాబీ?”

“మాపటి వంట నిలిచిపోయి శానా దినాలాయ కదమ్మా. మీకు తెల్దా?”

“ఎందుకు నిలిచిపోయింది?”

ఆమె చేట పక్కన పెట్టింది. “ఎందుకంటే ఏం చెప్పేది. ఆ పద్దు కొట్టేయమని మీరే చెప్పినారంట కదా. అప్పటిసంది దుడ్డు తగ్గిపోయ. ముందు మజ్జిగ ఆపినాం. మళ్ల మాపటి కూడు ఆపినాం. పొద్దున పెట్టేది గూడా పప్పులో నీళ్లు పోసి పోసి సరిపెడతాండా.”

కోపంగా అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. ట్రస్టువాళ్లు నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“వాళ్లకు సిగ్గు. చేతగాలేదని యాడ చెప్పుకుంటారు?” అంది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, “శెట్లు మీటింగుల్లో ఉంటారు, మీరు ఆఫీసులో ఉంటారు. గిన్నె పట్టుకోని వచ్చిన మనిషికి ఈ పూట లేదు పొమ్మని చెప్పేది నేనే కదమ్మా. ఆ మాట రోజూ నా నోటితోనే చెప్పల్ల” అంది.

నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చుని ఏడ్చాను. వయసు వచ్చిన ఆడది వీధిలో అలా ఏడవకూడదు, కానీ ఏడుపొచ్చింది. ఆమె లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

మర్నాడు అంగడి అంగడికీ తిరిగాను. ఒక హుండీలో రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు. ఇంకోచోట దానికి ఫోను ఆనించి పెట్టుకుని వీడియోలు చూస్తున్నారు. కొనే వ్యాపారులు ఇప్పుడు మైదుకూరు రావడమే లేదు. బేరం ఫోన్లో, డబ్బు బ్యాంకులో. అంగట్లో హుండీ ఉన్నట్టు వాళ్లకు తెలిసే దారే లేదు. మా ఊరి వ్యాపారి ఒకాయన ఉన్న మాట చెప్పాడు.

“వేద్దామనే అనుకుంటా మేడం. ఎంత వేయాల్నో తెల్దు. పది వేస్తే తక్కువనిపిస్తాది, ఐదు నూర్లంటే చెయ్యి రాదు. రేపు చూద్దాంలే అనుకుంటాండా, అట్లే పోతాంది.”

వీళ్లెవరూ పిసినారులైపోలేదు. బస్తా ఇచ్చినన్నాళ్లూ ఎవరికీ బరువు తెలియలేదు. మనిషి ఇవ్వాల్సి వచ్చేసరికి ప్రతివాడూ ఆలోచనలో పడ్డాడు. ఇంటికొచ్చి, నేను ఆదా చేసిపెట్టిన పన్ను ఎంతో లెక్క వేశాను. ఎండు పసుపు మీద పన్ను నూటికి ఐదు. రెండు రూపాయల ధర్మం మీద పది పైసలు. బస్తాకు పది పైసలు మిగల్చడానికి ఒక పూట కూడు తీసేశాను.

రెన్యువల్ ఫారంలో పాత అలవాటు ప్రకారం ‘రెండు పూటలా అన్నదానం’ అని రాసేయమన్నాడు ట్రస్టు గుమాస్తా. నాకు చెయ్యి రాలేదు. పొద్దున పూట ఫొటోలు పెట్టి, ఒక పూటే అని రాసి పంపాను. రెన్యువల్ వచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని సంతోషపడటం నావల్ల కాలేదు.

మళ్లీ అదే హాలు

మీటింగు పెట్టమని ఈసారి నేనే అడిగాను. హాల్లో నిలబడి, నేను చెప్పిన సలహా తప్పు, ధర్మం పద్దు మళ్లీ బిల్లులో రాయండి, దాని మీద పడే పన్ను కట్టండి అని చెప్పాను. ఇన్నేళ్లలో క్లయింట్ల ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. మీరు అంతకాలం ఆగకండి. ఒప్పుకుంటే వాళ్లు వెళ్లిపోతారని భయపడతాం గానీ, ఎవరూ పోరు.

రంగయ్య శెట్టికి మాత్రం మింగుడుపడలేదు. “ధర్మం మీద పన్ను కడితే, అన్నం పెట్టి వ్యాపారం చేసినట్టు కాదా అమ్మా?”

“పది పైసలన్నా” అన్నాను. “ఆ పది పైసలు కట్టనందుకు ఖాజాబీ రోజూ మనుషుల్ని పొమ్మంటాంది. మాపటి పూట ఒకసారి పోయి ఆ అరుగు మీద కూర్చో. కూర్చోనొచ్చి, పన్ను కట్టొద్దని నువ్వే చెప్పు, నేనింక మాట్లాడను.”

ఆయన మీటింగు అక్కడితో ఆపి, మర్నాటికి వాయిదా వేశాడు. ఆ సాయంత్రం సత్రం అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉండటం మా ఆయన చూశాడట.

మర్నాడు హాల్లో ఆయనే ముందు లేచాడు. తన గుమాస్తాకు ఫోన్ చేసి, అందరూ వింటుండగా, “ఈ పొద్దు బిల్లు నుంచి ధర్మం రాయి. కంప్యూటర్లో ఆ పద్దు ల్యాకపోతే పెట్టించు. పన్ను గూడా వేయి” అన్నాడు. కొందరు తలూపారు. నలుగురైదుగురు చూద్దాంలే అని లేచిపోయారు, వాళ్ల బిల్లుల్లో ఆ పద్దు ఇప్పటికీ లేదు. శెట్టి నా దగ్గరికి వచ్చి, ధర్మం దుడ్డు చేరేదాకా బియ్యం తన అంగట్లో నుంచి తీసుకోమని ఖాజాబీకి చెప్పమన్నాడు. ఇచ్చేముందు నోటును రెండు వైపులా చూసుకునే మనిషి, ఎన్ని బస్తాలో కూడా చెప్పలేదు.

హాలు మెట్ల మీద నిలబడే ఖాజాబీకి ఫోన్ చేశాను. పద్దు మళ్లీ రాస్తున్నారని, రేపటి నుంచి మాపటికి కూడా పొయ్యి వెలిగించమని చెప్పాను.

“ఎంతమందికి ఎసరు పెట్టల్లమ్మా?” అంది.

ఎంత, ఖచ్చితంగా ఎంత అని జీవితమంతా ఎదుటివాళ్లను అడిగినదాన్ని నేను. ఆ రోజు మాత్రం అంకె వద్దనిపించింది.

“వచ్చినంతమందికి” అన్నాను.

“అట్లయితే అటక మీద నుంచి పెద్ద గుండిగ దించల్ల. తోమల్ల, ఉంటానమ్మా” అని ఫోన్ పెట్టేసింది.